వీక్లీ ఆఫ్ వస్తే మనసు డల్ అవుతోందా? ఈసారి ప్లాన్ మీది!

ఆరు రోజులు డ్యూటీ చేశారు. ఏడో రోజు ఆఫ్. అలారం లేదు. గేటు దగ్గర హడావిడి లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఫోన్ లేదు. హాయిగా ఉండాలి కదా?

కానీ పదకొండైనా మంచం దిగలేదు. చేతిలో ఫోన్. టిఫిన్ చల్లారిపోయింది. మధ్యాహ్నానికి తల బరువెక్కింది. సాయంత్రానికి ఏదో పోగొట్టుకున్నట్టు దిగులు. ఎవరైనా పలకరిస్తే చిరాకు. ఎవరూ పలకరించకపోతే ఇంకా చిరాకు.

ఇలా మీకూ అవుతోందా? అయితే ముందు ఒక మంచి మాట వినండి. మీలో లోపమేమీ లేదు. మీరు బద్ధకస్తులు కారు. దేవుడిచ్చిన సుఖాన్ని అనుభవించడం చేతకాని వాళ్లూ కారు. మీ డ్యూటీ రోజుకి ఒక చట్రం ఉంది. మీ ఆఫ్ రోజుకి లేదు. తేడా అంతా అక్కడే ఉంది. చట్రం బిగించడం భిలాయి స్టీల్ ప్లాంట్ నీడలో బతికే వాళ్లకి ఒకరు నేర్పాలా? వచ్చే ఆఫ్ నుంచే మొదలుపెడదాం.

ఇది మీ ఒక్కరి బాధ అనుకోకండి. 1919లోనే బుడాపెస్ట్‌లో సాండోర్ ఫెరెంజీ అనే మనోవిశ్లేషకుడు దీన్ని గమనించి వ్యాసం రాశారు. ఆయన దగ్గరకి వచ్చేవాళ్లలో కొందరికి వారమంతా బాగానే ఉండేది. ఆదివారం రాగానే తలనొప్పి, కడుపులో గడబిడ, దిగులు. తర్వాత వియన్నా డాక్టర్ విక్టర్ ఫ్రాంకల్ కూడా ఇదే మాట చెప్పారు. వారమంతా ఉన్న పరుగు ఆగగానే లోపలి ఖాళీ కనిపిస్తుంది, మనిషి దాన్ని చూసి బెదిరిపోతాడు అని. అంటే వందేళ్ల కిందటే డాక్టర్లు పట్టుకున్న సంగతి ఇది. కాబట్టి సిగ్గుపడే పని లేదు.

ఇంకో సంగతి. మన దేశంలో ఈ సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకి ఆదివారం సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడారు. 1890 జూన్ 10న అది దక్కింది. అంత కష్టపడి సంపాదించిన రోజుని మంచం మీద పడుకుని ఫోన్‌కి ధారపోయడం నాకు నచ్చదు. మీకూ నచ్చకూడదు.

డ్యూటీ మీకు ఏమిస్తోంది?

జీతం ఒక్కటే అనుకుంటున్నారా? రోజూ ఇంకో మూడు ఇస్తోంది. మీరు లెక్కపెట్టుకోవడం లేదు.

ఒకటి, టైమ్. ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లవారుజామునే లేవాలి. మీ ఒంటికి ఎప్పుడు ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతున్నారు.

రెండు, మనుషులు. ఇష్టం ఉన్నా లేకపోయినా పది మందితో మాట్లాడతారు. క్యాంటీన్ టీ దగ్గర రెండు జోకులు, ఒక తిట్టు, ఒక పలకరింపు. మనసుకి అది రోజువారీ భోజనం.

మూడు, పని పూర్తయిన తృప్తి. రైల్ మిల్‌లో పనిచేసే వాళ్లని అడగండి. 260 మీటర్ల పొడవున రైలు పట్టా ప్యానెల్ తయారై కళ్ల ముందు నుంచి కదిలిపోతుంటే ఎలా ఉంటుందో! 'ఇందులో నా చెయ్యి ఉంది' అని ఎవరూ పైకి అనరు. లోపల అనుకుంటారు.

ఆఫ్ రోజున ఈ మూడూ ఒకేసారి మాయమవుతాయి. టైమ్ లేదు. మనుషులు లేరు. పూర్తయిన పని లేదు. మనసు డల్ కాకుండా ఎలా ఉంటుంది?

మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త 1989లో తన సహచరుడితో కలిసి ఇదే విషయం మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఉద్యోగుల చేతికి పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా 'ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎలా ఉంది' అని రాయమన్నారు. తేలిందేమిటి? పనిలో లీనమై ఉత్సాహంగా ఉన్న క్షణాలు తీరిక వేళల్లో కంటే పనివేళల్లోనే ఎక్కువ. అయినా పనిలో ఉన్నప్పుడే 'ఇక్కడ లేకపోతే బాగుండు' అనుకున్నారట! మన మనసు మనల్ని ఎలా పక్కదారి పట్టిస్తుందో చూడండి. ఖాళీ దొరికితే చాలు సుఖం దానంతటదే వస్తుందనుకుంటాం. రాదు. ఖాళీలో సుఖాన్ని మనం నింపుకోవాలి.

భిలాయి చిక్కు వేరు

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి శని, ఆదివారాలు సెలవు. ఊరంతా సెలవు. మీకు అలా కాదు. 1955 ఫిబ్రవరిలో ఇక్కడ స్టీల్ ప్లాంట్ కట్టడానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. అప్పటి నుంచి ఇక్కడ నిప్పుకి ఆదివారం లేదు. కోక్ అవెన్ చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. అందుకే మూడు షిఫ్టులూ తిరుగుతూనే ఉంటాయి. మీ ఆఫ్ బుధవారం పడుతుంది. మీ ఆవిడ టీచర్ అయితే ఆమె స్కూల్లో. పిల్లలు క్లాసులో. మీ దోస్తు సెకండ్ షిఫ్ట్‌లో. క్వార్టర్‌లో మీరూ, సీలింగ్ ఫ్యానూ.

ఒంటరి సెలవు ఎంత చేదో సోవియట్ ప్రజలకే బాగా తెలుసు. 1929లో అక్కడి ప్రభుత్వం ఆదివారాన్ని రద్దు చేసింది. ఫ్యాక్టరీలు ఒక్క రోజూ ఆగకూడదని. కార్మికుల్ని ఐదు గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో రంగు ఇచ్చారు. నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు. లెక్క ప్రకారం చూస్తే విశ్రాంతి ముందుకంటే ఎక్కువే! కానీ భర్తది ఒక రంగు, భార్యది ఇంకో రంగు. స్నేహితుడిది మరో రంగు. కలిసి కూర్చుని తినే రోజు లేదు. జనం గొడవపెట్టారు. 1931 చివరికల్లా అందరికీ ఒకే సెలవు రోజు తిరిగొచ్చింది. 1940లో ఆదివారం కూడా తిరిగొచ్చింది.

ఇందులో మనకి కావాల్సిన ముక్క ఉంది. 2014లో క్రిస్టోబల్ యంగ్, చేయూన్ లిమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఐదు లక్షల మందికి పైగా ఇచ్చిన సమాధానాలు పరిశీలించారు. వీకెండ్ రాగానే ఉద్యోగులకి మూడ్ బాగవుతుంది, అందులో వింత లేదు. ఉద్యోగం లేనివాళ్లకి కూడా దాదాపు అంతే బాగవుతోంది! వాళ్లకి రోజూ ఖాళీయే కదా? మరి శనివారం ఎందుకు స్పెషల్? ఆ రోజు మిగతావాళ్లు కూడా ఖాళీగా ఉంటారు కాబట్టి. మనిషికి సెలవు ఇచ్చే ఆనందంలో పెద్ద వాటా పక్కనున్న మనిషిది.

అర్థమైంది కదా? ఇక పనిలోకి దిగుదాం.

స్టెప్ 1: లేచే టైమ్‌ని వదలకండి

ఆఫ్ రోజున కూడా మామూలు టైమ్‌కే లేవండి. మహా అయితే ఒక గంట ఆలస్యం. అంతకు మించి వద్దు.

'వారానికి ఒక్కరోజు కూడా పడుకోనివ్వరా?' అంటున్నారా? వినండి. పని రోజుకీ సెలవు రోజుకీ నిద్ర వేళల్లో వచ్చే తేడాకి జర్మనీలో టిల్ రోన్నెబెర్గ్ పరిశోధక బృందం సోషల్ జెట్‌ల్యాగ్ అని పేరు పెట్టింది. పని రోజున ఐదింటికి లేచి, సెలవు రోజున పదింటికి లేస్తే, మీ ఒంటికి అది గడియారం వేరుగా నడిచే దేశానికి వెళ్లొచ్చినట్టే. విమానం ఎక్కకుండానే ఆ బడలిక. మధ్యాహ్నం తలబరువుకి అదీ ఒక కారణం కావచ్చు.

ఫర్నేస్‌ని కొన్నాళ్లు ఆపాల్సి వస్తే ఏం చేస్తారు? పూర్తిగా ఆర్పరు. గాలి ఆపి, కోక్ ఎక్కువ వేసి, లోపలి వేడి నిలబడేలా బ్యాంకింగ్ చేస్తారు. మళ్లీ మొదలుపెట్టడం తేలికవుతుంది. మీ ఆఫ్ రోజుకీ అదే పద్ధతి పెట్టండి. రొటీన్ మంట తగ్గించండి. ఆర్పకండి.

లేవగానే బయటికి రండి. ఎండ మొహం మీద పడాలి. టౌన్‌షిప్ రోడ్లకి చెట్లున్నాయి, ఆ అదృష్టం ఎన్ని ఊళ్లకి ఉంది? ఇరవై నిమిషాలు నడవండి. మే నెలలో అయితే ఏడు లోపలే పూర్తి చేయండి, తర్వాత ఎండ మిమ్మల్ని నడవనివ్వదు.

నైట్ షిఫ్ట్ దిగి ఆఫ్‌లోకి వచ్చే వాళ్లకి ఈ రూల్ కొంచెం మారుతుంది. పొద్దున ఇంటికొచ్చి రెండు మూడు గంటలు పడుకోండి. మధ్యాహ్నం లోపు లేచిపోండి. కష్టంగానే ఉంటుంది, ఒళ్లు మొరాయిస్తుంది. స్నానం చేసి బయటికి నడవండి. రాత్రి త్వరగా పడుకోండి. సాయంత్రం ఐదుదాకా పడుకుంటే ఆ రోజు పోయినట్టే. ఆ రాత్రి నిద్రా పోయినట్టే.

స్టెప్ 2: ఒక మనిషిని ముందే బుక్ చేయండి

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆఫ్ రోజు పొద్దున లేచి 'ఎవర్ని కలుద్దాం' అనుకుంటే ఎవరూ దొరకరు. డల్‌గా ఉన్న మనసు ఫోన్ చేయనివ్వదు. 'వాళ్లకి పనులుంటాయిలే' అంటుంది. 'ఎందుకు ఇబ్బంది పెట్టడం' అంటుంది. ఆ మాట నమ్మకండి. అందుకే పని రోజున, మూడ్ బాగున్నప్పుడు ఫిక్స్ చేయాలి. షిఫ్ట్ రోస్టర్ చేతికి రాగానే చూడండి. మీ ఆఫ్ ఏ రోజు? ఆ రోజు ఇంకెవరికి ఆఫ్? మీ షిఫ్ట్ గ్రూప్‌లోనే మీతో పాటు ఖాళీగా ఉండేవాళ్లు ఉంటారు. ఇంతకాలం మీరు అడగలేదు, అంతే.

ఇలా అడగండి: 'గురువారం నీకూ ఆఫే కదా తమ్ముడూ? సాయంత్రం ఐదింటికి సివిక్ సెంటర్‌లో టీ తాగుదాం. నేను వస్తున్నా.' టైమ్ చెప్పారు. చోటు చెప్పారు. 'ఎప్పుడైనా కలుద్దాం' అనే మాటకి విలువ లేదు. అది కలవకుండా ఉండటానికి మర్యాదగా చెప్పే మాట.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? భిలాయిలో చోట్లకి కొదవా? పిల్లలుంటే మైత్రీ బాగ్. ఇండియా, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో పెట్టిన తోట అది. తెల్ల పులుల్ని చూపించండి. ఆదివారమే ఆఫ్ పడిందా, సుపేలా సండే మార్కెట్‌కి వెళ్లండి. కొనకపోయినా పర్లేదు, ఆ జనంలో గంట నడిస్తే చాలు, మనసు తేలికపడుతుంది. తెలుగు మాట వినాలనిపిస్తే సెక్టార్ 5 బాలాజీ గుడి ఉంది. దర్శనం చేసుకుని వెంటనే ఇంటికి పరిగెత్తకండి. మెట్ల దగ్గర కాసేపు కూర్చోండి. శ్రీకాకుళం యాసో, విజయనగరం యాసో చెవిన పడుతుంది. 'ఏ ఊరండీ మీది?' అని అడగండి. మన వాళ్లకి ఈ ఒక్క ప్రశ్న చాలు, అరగంట మాట్లాడతారు.

మరో మాట. ఈ ఊరిని అందరూ మినీ భారత్ అంటారు. అయినా చాలామంది తెలుగువాళ్లు తెలుగువాళ్లతోనే సర్దుకుపోతారు. ముప్ఫై ఏళ్లుగా పక్క క్వార్టర్‌లో ఉన్న ఛత్తీస్‌గఢీ కుటుంబం ఇంట్లో ఒక్కసారీ అన్నం తినని వాళ్లున్నారు. నాకు ఇది చాలా బాధగా అనిపిస్తుంది. పోలా పండక్కి వాళ్లు ఠేఠ్రీ, ఖుర్మీ చేస్తారు. అడిగి తినండి. మీ ఇంట్లో బూరెలు చేసినప్పుడు ఒక గిన్నె అటు పంపండి. అమ్మానాన్నల ఊరు దూరం. ఈ ఊరు దగ్గర. దగ్గరున్న ఊరితో చుట్టరికం కలుపుకోవాలి.

వాట్సాప్ స్టేటస్ చూడటం కలవడం కిందికి రాదు. లైక్ కొట్టడమూ రాదు. గొంతు వినపడాలి. మొహం కనపడితే ఇంకా మంచిది.

స్టెప్ 3: ఒక పని, ఒక్కటే, పూర్తిగా

కొంతమంది దిగులు తప్పించుకోవడానికి ఆఫ్ రోజుకి పద్దెనిమిది పనుల లిస్ట్ రాస్తారు. గ్యాస్ బుకింగ్, బ్యాంకు, స్కూటర్ సర్వీసింగ్, బీరువా సర్దడం... రాత్రికి నాలుగు అవుతాయి. పద్నాలుగు మిగులుతాయి. మిగిలిన పద్నాలుగూ గుండె మీద కూర్చుంటాయి.

ఒక్క పని ఎంచుకోండి. దానికి మూడు షరతులు:

- చేతులతో చేసేది కావాలి.
- గంటన్నరలో పూర్తవ్వాలి.
- పూర్తయ్యాక కంటికి కనపడాలి.

క్వార్టర్ ముందు ఖాళీ జాగా ఉందా? గోంగూర విత్తనాలు చల్లండి. ఆవకాయ కలపండి. పాడైన కుర్చీ కాలు బిగించండి. మీ పిల్లలకి హిందీ, ఇంగ్లీష్ వచ్చు, తెలుగు చదవడం రాదు. అవునా? ఆఫ్‌కి ఒక గుణింతం నేర్పండి. ఏడాది తిరిగేసరికి అమ్మమ్మ పంపిన మెసేజ్ వాళ్లే చదువుతారు. ఇంతకంటే కంటికి కనపడే ఫలితం ఏముంది?

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. 'ఇవన్నీ మూడ్ ఉంటే కదా చేసేది! ముందు మూడ్ బాగుపడాలి కదా?'

లేదు. వరుస తిరగేయండి. ముందు పని. తర్వాత మూడ్. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త డిప్రెషన్ మీద పనిచేస్తూ పట్టుకున్న సూత్రం ఇది. దిగులుగా ఉన్నవాళ్లు పనులు తగ్గించుకుంటారు. పనులు తగ్గితే సంతోషం ఇచ్చేవీ తగ్గుతాయి. అవి తగ్గితే దిగులు పెరుగుతుంది. ఈ చుట్టుని ఎక్కడ తెంపాలి? 'దిగులు పడకు' అంటే మనసు వినదు. 'లేచి మొక్కకి నీళ్లు పోయి' అంటే చెయ్యి వింటుంది. అందుకే చేతి దగ్గర తెంపాలి. పది నిమిషాలు చేయండి చాలు. పది నిమిషాల తర్వాత కూడా మానాలనిపిస్తే మానేయండి. చాలాసార్లు మానరు.

మూడు గుంటలు: తప్పించుకు వెళ్లండి

ఫోన్. పొద్దున లేవగానే చేతిలోకి తీసుకుంటే రోజు దానిదే. నడక అయ్యేదాకా పక్క గదిలో పెట్టండి. రీల్స్‌లో అందరూ గోవాలో ఉంటారు. మీరొక్కరే క్వార్టర్‌లో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ పోలికతో మనసు ఇంకా కుంగుతుంది.

మందు. 'ఆఫ్ కదా, రెండు పెగ్గులు' అంటారు. కాసేపు మత్తుగా ఉంటుంది. రాత్రి నిద్ర చెడుతుంది. మర్నాడు దిగులు రెట్టింపై వస్తుంది. దిగులుకి మందు మందు కాదు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పను. దిగులుగా ఉన్న రోజున అస్సలు ముట్టకండి.

ఓటీ. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందని ప్రతి ఆఫ్‌నీ డ్యూటీగా మార్చేసుకునే వాళ్లున్నారు. డబ్బు అవసరమైతే అది వేరే సంగతి. ఇంటి నుంచి పారిపోవడానికైతే వద్దు. ఆఫ్‌ని గడపడం కూడా ఒక స్కిల్. వాడకపోతే రాదు. అరవై ఏళ్లకి రిటైర్ అయ్యాక రోజూ ఆఫే. అప్పుడు ఎక్కడికి పారిపోతారు?

అమ్మలకి ఆఫ్ ఎప్పుడు?

భర్తకి ఆఫ్ అంటే వంటింట్లో డబుల్ డ్యూటీ. పొద్దున స్పెషల్ టిఫిన్, మధ్యాహ్నం చికెన్, సాయంత్రం పకోడీ. ఇంట్లో అందరూ విశ్రాంతి తీసుకుంటుంటే ఆమెకి నడుము వాల్చే తీరిక లేదు. ఆ రోజు సాయంత్రం ఆమెకి చిరాకు వస్తే 'ఏమైంది నీకు?' అని అడుగుతారు. ఏమైందో తెలియడం లేదా?

అమ్మా, మీతో సూటిగా మాట్లాడతాను. మీకు ఎవరూ రోస్టర్ వేయరు. మీరే వేసుకోండి. వారంలో ఒక పూట మీది. ఆ పూట వంట మీది కాదు. గోడ క్యాలెండర్ మీద రాయండి, అందరికీ కనపడేలా. మొదటి వారం ఇల్లు గందరగోళం అవుతుంది. అవ్వనివ్వండి. మూడో వారానికి అన్నం వండటం అందరికీ వచ్చేస్తుంది. ఆ పూట పక్క సెక్టార్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్లండి. ఇంట్లోనే ఉంటే మళ్లీ గిన్నెలు పిలుస్తాయి.

అయ్యా, మీకు ఒక్క లైన్: ఆ పూట ఆమెని 'ఉప్పెక్కడుంది' అని అడగకండి, వెతుక్కోండి.

పండగ పూట దిగులు

మామూలు ఆఫ్ కంటే పండగ సెలవు గట్టిగా కొడుతుంది. ముఖ్యంగా పెద్దపండగ, సంక్రాంతి. ఊళ్లో భోగి మంట. అన్నదమ్ములు, బావలు, మేనల్లుళ్లు అందరూ ఫొటోలో. ఆ ఫొటో మీ ఫోన్‌లోకి వస్తుంది. మీకేమో ఆ రోజు సెకండ్ షిఫ్ట్. లేదంటే లీవ్ దొరకలేదు. లేదంటే టికెట్ దొరకలేదు.

ఇప్పుడు దారి కొంచెం సులువైంది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్ నుంచి విశాఖకి వందే భారత్ మొదలైంది. పొద్దున దుర్గ్‌లో ఎక్కితే రాయగడ మీదుగా మధ్యాహ్నానికి విశాఖలో దిగొచ్చు. అయినా అందరూ ప్రతి పండక్కీ వెళ్లలేరు. ఎవరో ఒకరు ప్లాంట్ నడపాలి.

ఏం చేయాలి? ముందు ఇంటి వాళ్లతో ఒక ఒప్పందం చేసుకోండి. 'ఈసారి సంక్రాంతికి రాలేను. కానీ ఫలానా తేదీన వస్తాను.' ఆ తేదీకి టికెట్ తీసేయండి. నెదర్లాండ్స్‌లో యెరోన్ నవైన్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. టూర్‌కి వెళ్లబోయే వాళ్లు వెళ్లకముందే మిగతావాళ్ల కంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. అంటే సంతోషంలో పెద్ద భాగం ఎదురుచూడటంలోనే ఉంది! తేదీ ఖరారైతే ఆ రోజు నుంచే ఎదురుచూపు మొదలు. 'చూద్దాంలే' అంటే అమ్మకీ ఆనందం లేదు, మీకూ లేదు.

రెండోది, ఇక్కడి పండగని ఇక్కడే చేయండి. ఊరెళ్లలేకపోయింది మీరొక్కరే కాదు. మీ సెక్టార్‌లో అలాంటి ఇంకో మూడు కుటుంబాలైనా ఉంటాయి. పెళ్లికాని కుర్రాళ్లు, కొత్తగా జాయినైన ఇంజనీర్లు రూముల్లో ఒంటరిగా ఉంటారు. పిలవండి. అరిసెలు రాకపోతే రాలేదు, పులిహోర వండండి. పెద్దావిడ ఒకరు కూర్చుని 'పాకం ఇంకొంచెం ముదరాలే పిల్లా' అంటుంటే పండగ వచ్చేసినట్టే.

అదే రోజుల్లో ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఛేర్‌ఛేరా వస్తుంది. పుష్య పౌర్ణమి నాడు. కొత్త ధాన్యం ఇంటికొచ్చిన సంతోషంలో పిల్లలు ఇంటింటికీ తిరిగి వడ్లు అడుగుతారు. పంట ఇంటికొచ్చిన పండగే కదా మనదీ? మీ పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పండక్కి దూరంగా ఉన్నామన్న బెంగ అక్కడ సగం తీరిపోతుంది.

ఊరెళ్లి తిరిగొచ్చిన వాళ్లకి ఇంకో రకం దిగులు. బ్యాగ్ విప్పుతుంటే అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా కనపడుతుంది, గొంతు పట్టేస్తుంది. దీనికి మందు ఉంది. రాత్రి దిగి పొద్దున్నే డ్యూటీ పెట్టుకోకండి. వీలైతే ఒక పూట ముందే రండి. బ్యాగ్ ఆ రోజే ఖాళీ చేయండి. సాయంత్రం ఒక స్నేహితుడిని ఇంటికి పిలిచి ఆ పచ్చడితోనే అన్నం పెట్టండి.

రేపు ఫస్ట్ షిఫ్ట్ అనగా...

ఆఫ్ రోజు సాయంత్రం ఆరు దాటగానే కడుపులో ఏదో తిప్పుతుంది. రేపటి బరువు ఈ రోజే మీద పడుతుంది. చాలామంది చేసే పని ఏమిటంటే రాత్రి పన్నెండుదాకా మేలుకుని సెలవుని సాగదీస్తారు. దానివల్ల రేపు ఇంకా భారమవుతుంది.

ఏడింటికి పదిహేను నిమిషాలు కేటాయించండి. యూనిఫామ్, సేఫ్టీ షూ, హెల్మెట్, గేట్ పాస్ ఒక చోట పెట్టండి. రేపు మిమ్మల్ని భయపెడుతున్న పని ఏమిటో ఒక కాగితం మీద రాయండి. ఒక్క లైన్. దాని కింద మొదటి అడుగు రాయండి. 'ఆ రిపోర్ట్ గురించి డ్యూటీకి వెళ్లగానే సార్‌తో మాట్లాడాలి.' కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టండి. ఇక ఆ రాత్రి మీది.

రోజూ ఆఫే అయినవాళ్లకి

రిటైర్ అయిన పెద్దలు రిసాలీలోనో, నెహ్రూ నగర్‌లోనో ఇల్లు కట్టుకుని ఉంటారు. పిల్లలు బెంగళూరు, హైదరాబాద్, అమెరికా. ముప్ఫై ఐదేళ్లు షిఫ్టుల ప్రకారం నడిచిన ఒళ్లు. ఒక్కసారిగా గడియారం ఆగిపోయినట్టు ఉంటుంది. మీకు వారాంతం దిగులు కంటే, అన్ని రోజులూ ఒకేలా ఉండటమే సమస్య.

బాబాయ్ గారూ, పిన్ని గారూ, మీకు షిఫ్ట్ అలవాటు. మళ్లీ షిఫ్ట్ వేసుకోండి! సోమవారం గుడి. మంగళవారం పాత సెక్షన్ స్నేహితుల కలయిక. బుధవారం నడక గ్రూప్. గురువారం మనవడికి వీడియో కాల్‌లో తెలుగు పాఠం. 'వాడికి ఖాళీ ఉన్నప్పుడు చేస్తాడులే' అని ఎదురుచూడకండి. మీరే టైమ్ పెట్టండి. మనవడికి మీరు పాఠం చెప్పే మాస్టారు అవ్వాలి. క్షేమసమాచారాల కాల్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. పాఠం అరగంట నడుస్తుంది.

మీ దగ్గర ఇంకో ఆస్తి ఉంది. పని. కొత్తగా ఐటీఐ చదివే కుర్రాడికి మీరు గంట చెప్పేది ఏ యూట్యూబ్‌లోనూ దొరకదు. మీ వీధిలో అలాంటి కుర్రాడు తప్పకుండా ఉంటాడు. వెతకండి.

ఇది ఆఫ్ రోజు దిగులేనా?

ఇది జాగ్రత్తగా చదవండి.

డ్యూటీకి వెళ్లగానే తేలికపడితే అది ఆఫ్ రోజు దిగులు. పై స్టెప్స్ నాలుగు వారాలు పట్టుదలగా చేయండి, మార్పు మీకే తెలుస్తుంది. కానీ రెండు వారాలకి పైగా, దాదాపు రోజంతా, డ్యూటీలోనూ ఇంట్లోనూ మనసు కుంగిపోయి ఉంటే? ఇష్టమైనవి కూడా రుచించకపోతే? నిద్ర, ఆకలి మారిపోతే? 'నేను లేకపోతేనే నయం' అనిపిస్తుంటే? అప్పుడు ప్లానింగ్ సరిపోదు. డాక్టర్ కావాలి. ఆ చివరి ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, రెండు వారాలు ఆగకండి. అదే రోజు ఎవరికో ఒకరికి చెప్పండి.

జ్వరం వస్తే సెక్టార్ 9 ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడతామా? ఇదీ అంతే. రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. బయటికి వెళ్లడానికి మనసు రాకపోతే టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన సర్వీస్. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడొచ్చు.

ఫోన్ ఎత్తాక ఏం చెప్పాలో తెలియక చాలామంది పెట్టేస్తారు. మీరు పెట్టేయకండి. ఇలా మొదలుపెట్టండి: 'నమస్తే అండీ. నేను భిలాయి నుంచి మాట్లాడుతున్నాను. కొన్ని వారాలుగా నాకు మనసు బాగుండటం లేదు. సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువగా ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు.' ఆ తర్వాత ఏం అడగాలో వాళ్లకి తెలుసు.